నలుగురాఫీసు

రాజధాని గుడారాలు పీక్కొని హైదరాబాదుకు పోయినాక
కర్నూల్లో గుంజలు పాతిన గుంతలు మిగిలాయి.
నలుగురు కుర్రోళ్ళు మిగిలారు,
ఎవరూ కట్టని కచేరీల పటాలు
చుట్టలు చుట్టి చంకలో పెట్టుకొని.

ఖాదర్ మొహియుద్దీన్, దేవదానం, మద్దిలేటి, వెంకోబరావు.
ఇది తెలుగు అక్షరాల వరస.
ఉర్దూ వరసలో చదివితే దేవదానం ముందొస్తాడని
ఖాదర్ సాబే ఒప్పుకున్నాడు.
బోర్డు మీద ఎవరు ముందో మూడు వారాలు తేలక
పెయింటరు డబ్బాకు మూత బిగించి వెళ్ళిపోయాడు.
ఖాళీ బోర్డే వేలాడింది.
ఊరు తనే ఓ పేరు పెట్టుకుంది.

నేను చేరింది అరవై ఒకటిలో, పన్నెండేళ్ళప్పుడు.
అమ్మోనియా పెట్టె దగ్గర పని.
మూత తీస్తే కళ్ళల్లో కారం కొట్టినట్టుండేది,
ఆ కన్నీళ్ళ వెనక
నీలం గీతలై ఒక ఇల్లు తేలేది.
"ఎవురు కొట్టినార్రా?" అని అడిగేది మా అమ్మ రోజూ.

ఒకరు గీసింది ఇంకొకరు గీకాలి. అదొక్కటే వాళ్ళ రూలు.
ట్రేసింగు కాగితం మీద సిరా
బ్లేడుతో తప్ప పోదు.
వెంకోబరావు వంపు తిప్పిన మెట్లను
మద్దిలేటి గీకి నిటారు చేసేవాడు:
"నీళ్ళ బిందెతో ఎక్కే ముసిల్దానికి నీ వంపెందుకప్పా?"
మద్దిలేటి లావు చేసిన స్తంభం
దేవదానం చేతిలో చిక్కిపోయేది.
ఖాదర్ సాబు మాత్రం గోడలు గీసేవాడు కాదు.
మే నెల, మధ్యాహ్నం మూడు గంటలు,
ఎండ ఎంతదాకా వస్తుందో గీసేవాడు.
సజ్జ అంతదాకా రావాల్సిందే.

సంతకం గడిలో ఒకటే మాట: మేము.
"మేము అనగా ఎవరు?" అని రాసి
మున్సిపాలిటీ గుమాస్తా ఫైలు తిప్పి పంపాడు.
నలుగురూ పోయి ఆయన బల్ల ముందు నిలబడ్డారు.
నేను కూడా, వెనకాల, టీ ఫ్లాస్కుతో.

ఆడపిల్లల హాస్టలు కట్టినప్పుడు ఊరు నవ్వింది.
బేతంచెర్ల బండల నేల, సిమెంటు జాలీ గోడ,
పెనంలాగా చదునైన కప్పు.
"అగ్గిపెట్టె" అన్నారు.
మొదటి వానకే ఈశాన్యం మూల కారింది.
తప్పెవరిదని వార్డెనమ్మ నిలదీస్తే
నలుగురూ నాలుగు బక్కెట్లతో వచ్చారు.

డెబ్బై ఎనిమిదిలో ఒక రాత్రి
వెంకోబరావు ఒక్కడే కూచుని
ఓ కాంట్రాక్టరుకు బంగళా గీశాడు:
సున్నపు సింహాలు, ద్రాక్షగుత్తుల స్తంభాలు.
గడిలో తన పేరు, ఇంటిపేరు, డిగ్రీ.
అప్పులున్నాయని తర్వాత తెలిసింది.
పొద్దున ముగ్గురూ ఆ కాగితం చూశారు.
ఎవరూ బ్లేడు తియ్యలేదు.
ఆఫీసు ఆ పొద్దునే మూతపడింది.
ఇంకా పదిహేనేళ్ళు తలుపులు తెరిచాం, అది వేరే సంగతి.

రెండువేల తొమ్మిదిలో హంద్రీ, తుంగభద్ర కలిసి ఊళ్ళోకొచ్చాయి.
నవ్విన వీధులన్నీ ఆ చదును కప్పెక్కి
రెండు రాత్రులు పడుకున్నాయి.
పెంకుల మీద పడుకోలేరు కదా.

నీళ్ళు తీశాక ఆఫీసు తాళం తీసింది నేనే.
సొరుగుల్లో పటాలు
ఒకదానికొకటి అంటుకున్న దోసెలు.
ఎండకు పరిచి, బురద తుడిస్తే
సిరా బురదతోనే వచ్చేసింది.
గీసిన చేతులన్నీ పోయాయి.
కాగితం పైకెత్తి వెలుగుకు పెడితే
గీకిన చోట్లు మాత్రం పలచగా, తెల్లగా,
బొటనవేలికి తగిలేటట్టు.
ఇది మద్దిలేటి. బ్లేడు ఒత్తి పట్టేవాడు.
ఇది దేవదానం.
ఇది ఎవరో తెలీదు.

మొన్న హాస్టలు కూలగొట్టడానికి కాగితాలొచ్చాయి.
డిజైను చేసినవారి పేరు రాయమన్నారు.
నలుగురూ లేరిప్పుడు.
చాలాసేపు పెన్ను పట్టుకొని
మేము, అని రాశాను.
కౌంటరులోని పిల్ల తలెత్తి చూసింది.
నేనొక్కణ్ణే నిలబడున్నాను.

వానొస్తే ఆ మూల ఇంకా కారుతుంది.